గీకిన కిటికీలు

తనిఖీకి మనిషి వస్తున్నాడంటే ఫిలొమేనా చేతులు ముడుచుకుని కూర్చుంటుందా? అమెరికాలోని పొటకెట్‌ ఊళ్లో ఆమె మూడంతస్తుల చెక్క ఇల్లు తాతలనాటిది. అద్దెకిచ్చే పాత ఇళ్లన్నిటికీ పాత రంగులో సీసం విషం ఉందేమోనన్న పరీక్ష జరగాల్సిందేనని ప్రభుత్వం అన్నప్పటి నుంచీ ఆమెకు దిగులే. అందులోనూ పోర్చుగల్‌ వాళ్ల అజోరెస్ దీవుల ఆడపడుచు. గడప తొక్కేవాడికి ఇల్లు అద్దంలా కనబడాలి, లేకపోతే తలకొట్టేసినట్టుంటుంది.

నిన్న రెండో అంతస్తులో అద్దెకుంటున్న ఇవోన్, పిల్లాణ్ని తీసుకుని పనికి వెళ్లింది. "నీ వాటా కాస్త సర్దుతానే" అని ముందే చెప్పి ఉంచిన ఫిలొమేనా తాళం తీసి, రంగు పెచ్చులూడుతున్న కిటికీలన్నీ గరుకు కాగితంతో గీకి, పొడి చీపురుతో ఊడ్చిపారేసింది. ఇప్పుడెవడు వంక పెడతాడో చూద్దాం అనుకుంది. సాయంత్రం ఇవోన్ కూడా, "పిన్నీ, ఎంత నున్నగా ఉన్నాయో!" అని మురిసిపోయింది.

పొద్దున వచ్చిన తనిఖీదారు లక్రోయ్, దుమ్ము నమూనా కోసం కిటికీ గట్టు తుడవడానికి తడి గుడ్డ తీసి అలాగే ఆగిపోయాడు.

"దీన్నెవరు గీకారు?"

ఇవోన్ చంకలో ఏడాది నిండిన కొడుకు నేలో అతని పరికరాల పెట్టె కోసం గింజుకుంటున్నాడు.

"ఎవరైతే ఏంటి బాబూ? శుభ్రంగా ఉందిగా!" అంది ఫిలొమేనా.

"ఏదీ ముట్టుకోవద్దని ఫోన్లో చెప్పానుగా అమ్మా! పెచ్చు ఊడితే కంటికి కనబడుతుంది. పొడిగా గీకితే సీసం దుమ్మై ఇల్లంతా ఎగురుతుంది."

నిజమే, చెప్పాడు. ముట్టుకోవద్దంటే ఊడ్చి తుడవొద్దని కూడానా? చుట్టాలొచ్చే ముందు ఇల్లు అలాగే వదిలేసే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

"బాబు రాత్రి ఎక్కడ పడుకున్నాడు?" అని అడిగాడు లక్రోయ్.

ఇవోన్ వేలు చూపించింది. పిల్లాడి మంచం కిటికీ కిందే ఉంది. నీలం దుప్పటి మీద పిండి జల్లించినట్టు సన్నటి తెలుపు.

"తెల్లవార్లూ ఆ దుప్పటి కొసే చీకాడు" అంది ఇవోన్. "పిన్నీ, మీ చేత్తో మీరేనా గీకింది?"

పనివాణ్ని పెట్టానని ఒక్క ముక్క అంటే చాలు, ఇవోన్ నమ్ముతుంది. జరిమానా భయం, ఇల్లు పోతుందన్న భయం ఆ ముక్కను నాలుక చివరిదాకా తెచ్చాయి. దిక్కుమాలిన భయం! పిల్లాడు అమాయకంగా తన వంకే చూస్తుంటే ఆ అబద్ధం గొంతు దాటలేదు.

"నేనేనే తల్లీ. పరీక్షలో తప్పితే నిన్ను ఖాళీ చేయిస్తారేమోనని..."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

"ముందు బాబుని తీసుకుని బయటికి నడవండి" అన్నాడు లక్రోయ్. "తిన్నగా డాక్టరు దగ్గరికెళ్లి నెత్తురు పరీక్ష చేయించండి. ఈ దుమ్ము పసిపిల్లల మెదడుకే ఎసరు పెడుతుంది."

"ఏమీ కాదుగా?" అంది ఇవోన్.

"ఎంత లోపలికి పోయిందో నెత్తురు చూస్తేగానీ నేను చెప్పలేనమ్మా."

"కింద మా ఇంట్లో కూర్చోబెడతా" అని ముందుకొచ్చింది ఫిలొమేనా.

"వద్దు. చెప్పులతో ఆ దుమ్ము అక్కడికీ మోసుకెళ్లే ఉంటారు."

ఇవోన్ సంచి భుజానికేసుకుంది. గుమ్మం దగ్గర నేలో "వోవో!" అంటూ రెండు చేతులూ చాపి ఫిలొమేనా మీదికి దూకబోయాడు. వోవో అంటే అవ్వ, వాడికి అమ్మమ్మయినా నానమ్మయినా ఆవిడే. ఆమె చేతులు వాటంతటవే ముందుకెళ్లాయి.

"ఈ స్వెటరు నిన్న గీకేటప్పుడు వేసుకున్నదేనా?" అన్నాడు లక్రోయ్.

ఫిలొమేనా తన స్వెటరు చేతులు చూసుకుంది. ఉన్ని మడతల్లో తెల్లటి దుమ్ము. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుని గోడకు ఆనుకుపోయింది. ఇదేదో దాగుడుమూత అనుకుని నేలో కిలకిల నవ్వుతూ ఇంకా ముందుకు వంగాడు.

"తీసుకెళ్లవే వాణ్ని" అంది, ఏడుపు ఆపుకోలేక. "నా దగ్గరికి రానివ్వకు."

ఇవోన్ మెట్లు దిగిపోయింది. ఆవిడ ఎందుకు ఎత్తుకోలేదో తెలియక వాడు వీధి మలుపు దాకా ఏడుస్తూనే ఉన్నాడు.