ఎడమ చెవి కింద నురగ

స్టామాటిస్ తన సెలూన్ కుర్చీలో తానే కూర్చుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచాడు. కంట్లో మందు వేసుకోవడానికి నోరెందుకు తెరవాలో పన్నెండేళ్లుగా అతనికే తెలియదు. చర్చి గంట మోగుతోంది. సాయంత్రం ప్రార్థన గంటకు రెండో చుక్క వేసుకోవాలి, అదీ అతని లెక్క.

సీసా మూత తీసేలోగా మేడ మీంచి భార్య ఎవాంథియా దిగివచ్చింది. ఈస్టర్ గుడ్లకు రంగు వేస్తోంది, పది వేళ్లూ ఎర్రగా ఉన్నాయి.

“ఏమయ్యా, పొద్దున ఒక చుక్క వేశాను కదా. మళ్లీ ఏంటి?”

“సాయంత్రం గంట కొట్టారుగా.”

“ఇంకా పదైనా కాలేదు. ఈస్టర్ ముందు వారంలో సాయంత్రం ప్రార్థన పొద్దున్నే చేస్తారని ప్రతి ఏడూ చెప్పాలా? పవిత్ర వారం చర్చికి, నీ కళ్లకి కాదు.”

సీసా లాక్కుని జేబులో వేసుకుంది. దాని మీద ఎర్రటి వేలిముద్ర పడింది.

నీటికాసుల జబ్బు అతని చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తోంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కలు కాపాడతాయి అంది కంటి డాక్టరమ్మ. చూపు పరీక్షలో పక్కన దీపం మెరిసినప్పుడల్లా మీట నొక్కమంటే, కనపడలేదంటే ఆవిడ నొచ్చుకుంటుందేమోనని కత్తెర లయలో ఆపకుండా నొక్కాడు. ఆవిడ పరీక్ష మళ్లీ పెట్టింది. ఎడమ పక్క చాలా పోయిందని అప్పుడు తేలింది. అయినా ఎదురుగా ఉన్న వెంట్రుక స్పష్టంగా కనిపిస్తోంది కదా అని కత్తి మానలేదు. నలభై నాలుగేళ్ల కత్తి. అది మానేస్తే తనింకెవరు?

బస్సు డ్రైవరుగా రిటైరైన అరిస్టిడిస్ గడ్డానికి వచ్చాడు. స్టామాటిస్ అతని తలను స్టీరింగులా తిప్పుతూ గీశాడు.

“ఒరేయ్, మెల్లగా. అది నా మెడ.”

“నువ్వు తిప్పిన మలుపులకి ఊరంతా వాంతులు చేసుకుంది. కదలకు.”

పని అయింది. గుమ్మం దగ్గర ఎవాంథియా కాఫీతో ఎదురైంది.

“అన్నా, ఎడమ చెవి కింద ఆ నురగేంటి?”

అరిస్టిడిస్ అలవాటుగా చేతిరుమాలు తీశాడు. “ఇంటికెళ్లి గీసుకుంటాలే చెల్లెమ్మా. మేమంతా అంతేగా.”

“మేమంతా అంటే?” లోపలి నుంచి స్టామాటిస్ అడిగాడు.

“కాఫీ హోటల్లో అందరం. ఏడాదిగా.”

“చెప్పొచ్చు కదరా.”

“గడ్డం ఇంట్లోనైనా గీసుకోవచ్చు. నీ కబుర్లు ఇంట్లో దొరకవు.”

స్టామాటిస్‌కి నవ్వొచ్చింది. దగ్గరికి వచ్చి స్నేహితుడి చెవి కింద వేలితో తడిమి చూశాడు. గరుకు. దానికి అంగుళం కింద మెడ నరం కొట్టుకుంటోంది. వేలు అక్కడే ఆగింది, నవ్వూ ఆగింది.

కాసేపటికి ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించాడు.

“ఇక గడ్డాలు మీరే గీసుకుని రండి. కుర్చీ ఉంటుంది. నేనూ ఉంటాను.”

“మరి రెండో చుక్క ఎప్పుడు?” అంది ఎవాంథియా.

“గడియారం ఆరు కొట్టాక.”

ఆమె అతని ఎడమ పక్కకు వచ్చి మోచెయ్యి పట్టుకుంది. మెట్లెక్కుతూ, ఇంకా ఎన్ని గుడ్లున్నాయని అతను అడుగుతున్నాడు. కింద అద్దం ముందు, మూయని కత్తి అంచున అరిస్టిడిస్ గడ్డపు నురగ మెల్లగా ఆరుతోంది.