దువా పెళ్ళాం కుర్చీ

ఎండ నడినెత్తికెక్కింది. బంతామా బడి మైదానంలో చావుకని ఎర్రగుడ్డా నల్లగుడ్డా కట్టుకున్న జనం షామియానాల కింద కిక్కిరిసిపోయారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరసకట్టి, పోయినాయన తాలూకువాళ్ళ చేతులు ఒక్కొక్కటే పట్టుకుంటూ సాగుతున్నారు. అందరూ ముందు పట్టుకునేది పోకువా చెయ్యే. పోకువా ఆయనకి పెళ్ళాం కాదు. టీవీలో పదకొండేళ్ళు పెళ్ళాం వేషం వేసింది, అంతే.

"అయ్యో తల్లీ! ఎంత పిసినారైనా నిన్ను మాత్రం పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడే!" అని కేజెతియా మార్కెట్లో టమాటాలమ్మే ఆవిడ బావురుమంది.

పేటిక పక్కన పెళ్ళాం కోసం వేసిన కుర్చీలో పోకువా తలొంచుకుంది. అసలు పెళ్ళాం అచియా కెమెరాల వెనక, వంటపొయ్యిల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది.

ఆయన అసలు పేరు అంపోంసా. ఇరవై రెండేళ్ళలో తాగుబోతు, మంత్రగాడు, ఊరిపెద్ద, దొంగ పాస్టరు, ఏది ఇస్తే అది వేశాడు, హీరో తప్ప. చివరికి ఓ టీవీ సీరియల్లో పిసినారి దువాగా జనం నోళ్ళలో నానాడు. "దువా బాబాయ్, ఇవాళైనా జేబులో చెయ్యి పెడతావా?" అని టాక్సీవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వి, అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చి దిగేవాడు, పిచ్చి మారాజు! శవపేటిక పక్కన నిలబెట్టిన ఫొటో మీద కూడా దువా పేరే పెద్దక్షరాల్లో ఉంది. అంపోంసా అన్నది కింద వెతుక్కోవాలి.

పేటికా, షామియానాలూ, డప్పులవాళ్ళూ, అన్నిటి ఖర్చూ ఆ సీరియల్ తీసే లార్బీ పెట్టుకున్నాడు. అందుకు బదులుగా ఈ చావే దువా చావుగా వచ్చేవారం టీవీలో వస్తుంది. వంశపెద్ద నిమాకో సరేనన్నాడు. అచియాని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? మా దగ్గర శవం తల్లివైపు వంశానిది, పెళ్ళానిది కాదు.

"పోకువమ్మా, పేటిక లేపేటప్పుడు మీద పడి ఏడవాలి. కంట్లోకి మందు చుక్కలేమైనా కావాలా?" అని లార్బీ వంగి అడిగాడు.

"అక్కర్లేదు" అంది పోకువా.

మూడు నెలల కిందట అంపోంసాకి మూత్రపిండాలు చెడ్డాయి. రక్తం శుద్ధి చేయించుకోవాలంటే ఒక్కసారికి ఐదువందల సెడీలు. షూటింగుకి పిలిచిన రోజున మూడువందలు వచ్చేవి. రోగిష్టివాడితో వేగలేక, దువాని ఏదో ప్రయాణం మీద పంపేసినట్టు కథ మార్చాలని లార్బీ చూస్తున్నాడు. ఆ సంగతి తెలిసి అంపోంసా మేకప్ గదిలో పోకువాని పట్టుకున్నాడు.

"అమ్మీ, నువ్వు చెబితే వింటాడు. వారానికి రెండు రోజులు పిలిచినా చాలు, గట్టెక్కుతాను. ఒక్క మాట చెప్పవూ?"

చెబుతానంది. చెప్పలేదు. ఆమె వేషం కోసం ఇద్దరు ముగ్గురు కాచుక్కూర్చున్నారు. లార్బీకి కోపమొస్తే తన గతేమిటి? వారం తర్వాత ఆయన అడిగితే, "చెప్పాను, ఫోను చేస్తానన్నాడు" అని బొంకింది. ఆ సాయంత్రమే ఆయన అచియా చేత పొగబెట్టిన చేపలు పంపించాడు. పోకువా వాటిని పులుసు పెట్టుకుని తింది. సిగ్గు లేకపోతే సరి!

టమాటాల ఆవిడ ఇంకా చెయ్యి వదల్లేదు. పోకువా చటుక్కున చెయ్యి లాక్కుని లేచి, జనాన్ని తోసుకుంటూ పొయ్యిల దగ్గరికి నడిచింది.

"అక్కా, నేను లార్బీకి చెప్పనేలేదు. మీ ఆయనతో అబద్ధమాడాను."

అచియా పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది.

"స్నానానిక్కూడా ఫోను పట్టుకుపోయేవాడు" అంది. "ప్రాణం పొయ్యేదాకా."

"నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చో అక్కా. అది నీది."

"కుర్చీ ఇచ్చి కడిగేసుకుందామనా?"

ఈలోగా లార్బీ పరిగెత్తుకొచ్చాడు, వెనకే నిమాకో.

"ఏంటమ్మా ఇది? కెమెరా తిరుగుతోంది!"

"నేను కూర్చోను."

"సోమవారం నుంచి నీకు పనుండదు. ఆలోచించుకో."

"ఆలోచించుకునే అన్నాను బాబూ. కూర్చోను."

"ఈవిడ కూర్చుంటే ఎవరు గుర్తుపడతారే?" అని నిమాకో అచియా వైపు చెయ్యి విసిరాడు.

అచియా లేచింది. ఎవరివైపూ చూడకుండా నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. టమాటాల ఆవిడ తెల్లబోయి, "నువ్వెవరమ్మా?" అంది.

"అంపోంసా పెళ్ళాన్ని" అంది అచియా, పది వరసల అవతలికి వినబడేలా.

ఆవిడ కాసేపు తటపటాయించి, చెయ్యి చాపింది. ఆగిన వరస కదిలింది. పోకువా వెళ్ళి ఆ వరస చివర నిలబడింది. ఆమె వెనక ఇంకా జనం చేరుతూనే ఉన్నారు. అరగంట పట్టింది ముందుకి రావడానికి. వచ్చి, చెయ్యి చాపింది.

అచియా ఆ చేతిని చూసింది. తన రెండు చేతులూ ఒళ్ళోనే ఉంచుకుంది.

"నడువమ్మా, వెనకాల జనం ఉన్నారు" అని ఎవరో పోకువా వీపు మీద తట్టారు.