కరెంటు పోని సాయంత్రం

కలకత్తాలో మే నెల అంటే ఎవరికైనా ఉక్క, చెమట, కరెంటు కోత. విజయ కుమారికి మాత్రం ఏడాది పొడుగునా ఎదురుచూసే నెల అదొక్కటే.

టికియాపారాలో రైల్వే క్వార్టర్ల వెనక తెలుగువాళ్ళ చర్చి, దాని పక్కన రేకుల హాలు. ఎండాకాలం సెలవుల్లో ఆ హాల్లో టీచర్లకు శిక్షణ జరిగేది. టీచర్లంటే పెద్ద చదువుల వాళ్ళు కాదు. షాలిమార్ నుంచీ ఏక్‌బాల్‌పూర్ నుంచీ వచ్చే పడుచుపిల్లలు, కొత్త కోడళ్ళు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, పుస్తకం చేతికిస్తే నీళ్ళు నములుతారు. సాయంత్రం బళ్ళలో పిల్లలకు అక్షరాలు దిద్దించాల్సింది వాళ్ళే. వాళ్ళకు దిద్దించే పని విజయ కుమారిది. రైల్వే కాలనీ బడిలో టీచరుగా ఆమె జుట్టు సగం నెరిసింది. పెళ్ళి కాలేదు. ఇంట్లో తల్లి రోజమ్మ ఉంది.

పాటలు నేర్పడానికి బొబ్బిలి దగ్గర్నుంచి దయానందం పంతులుగారు వచ్చేవారు. భార్య పోయిన మనిషి, పిల్లలు లేరు. ఒక హార్మోనియం పెట్టె, ఒక గుడ్డ సంచి, అంతే ఆయన సామాను. ఏ అక్షరాన్నయినా పాటలోకి దించేసేవారు. ఆయన పాడుతుంటే కోడలుపిల్లలు కొంగులు బిగించి చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ శిక్షణలో విజయ కుమారి పెట్టిన నియమం ఒకటుంది. పిల్లవాడు తప్పు చదివితే ‘కాదు’ అనకూడదు. ‘మళ్ళీ ఒకసారి’ అనాలి. ఎన్నిసార్లయినా అదే మాట.

ఆ ఏడాది షాలిమార్ నుంచి వచ్చిన దాలమ్మకి నోరు ఎక్కువ, అక్షరాలు తక్కువ. బెంగాలీ బడిలో చదివిన పిల్ల, ‘అ’ని వాళ్ళలాగే ‘ఒ’ అని పలుకుతుంది. నల్లబల్ల మీద ‘కమల’ అని రాస్తే ‘కొమొల’ అని చదివింది. హాలంతా గొల్లుమంది.

“మళ్ళీ ఒకసారి,” అంది విజయ కుమారి.

“కొమొల.”

“మళ్ళీ ఒకసారి.”

“ఎన్నిసార్లు సదివినా అది కొమొలే టీచరమ్మా. ఆ పిల్ల పేరే మార్సీండి, గొడవొదిలిపోద్ది.”

దయానందంగారు హార్మోనియం మీద తల వాల్చి నవ్వారు. ఆయన నవ్వితే విజయ కుమారి నల్లబల్ల వైపు తిరిగిపోయేది, తన మొహం ఎవరికీ కనబడకుండా.

శనివారం సాయంత్రాలు వేరు. హౌరా మైదాన్ అవతల ఒక క్లబ్బువాళ్ళు ఎండాకాలమంతా శనివారం శనివారం పాటకచేరీ పెట్టేవారు. టిక్కెట్టు లేదు. ఇనుప కుర్చీలు, వెనక గోడకి ఎర్రజెండా, ఎప్పటిదో సమ్మె పోస్టరు, ముందర తివాచీ మీద పాడేవాళ్ళు. బెంగాలీలు కచేరీని జల్సా అంటారు. ఆ మాట వింటే రోజమ్మకి ఒళ్ళు మండేది.

“పెబువు బిడ్డవి, జల్సాలకెల్తానంటావేటే?”

“ఇక్కడ జల్సా అంటే సంగీతమే అమ్మా.”

“ఏదైతేనేటి. కరెంటు పోకముందే ఇంటికొచ్చీ. సీకట్లో నాకు బయ్యమేస్తాది.”

కచేరీకి విజయ కుమారీ దయానందంగారూ ఒకే బస్సులో వెళ్ళేవారు, ఆమె ముందు సీట్లలో, ఆయన వెనక. హాల్లోనూ అంతే. చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, మధ్య నడిచే దారి. ఎవరూ చెప్పకుండానే ఆ పద్ధతి వాళ్ళతో పాటు కచేరీకీ వచ్చేసింది. దారికి ఈ అంచున ఆమె కుర్చీ, ఆ అంచున ఆయన కుర్చీ. ఆమె పక్క కుర్చీలో చేతిసంచి. పరాయి మగవాడెవడూ వచ్చి కూర్చోకుండా ఆ సంచి కాపలా. మంచి ఆలాపన వచ్చినప్పుడు ఆయన తలతిప్పి చూసేవారు. ఆమె చూపు కలిపేది కాదు గాని తల ఊపేది. ఎన్నో ఎండాకాలాలు అలాగే గడిచాయి. ఆ తల ఊపడం మీదే ఆమె మిగతా ఏడాదంతా బతికేది.

ఆ మేలో మొదటి కచేరీ నాడు ఒక పెద్దావిడ పాడుతోంది. పాట మధ్యలో కరెంటు పోయింది. మైకు ఆగింది, పంకాలు ఆగాయి. ఆవిడ మాత్రం ఆగలేదు. చీకట్లో ఆ వట్టి గొంతు, తంబూరా తప్ప ఇంకేమీ లేదు. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

విజయ కుమారి పక్కన కుర్చీ కిర్రుమంది.

“ఈ సంచి కాస్త తీస్తారా,” అన్నారు దయానందంగారు.

ఆమె తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కూర్చున్నారు. మోచెయ్యి కూడా తగల్లేదు, కానీ హార్మోనియం పెట్టె వాసన, చెక్కా కర్పూరమూ కలిసిన వాసన, తెలిసింది.

“అండమాన్‌లో మన తెలుగు పిల్లల హాస్టలు ఒకటి ఉందట. వార్డెనుగా రమ్మంటున్నారు,” అన్నారు గొంతు తగ్గించి. “నెలాఖరున ఓడ. ఖిదిర్‌పూర్ రేవు నుంచే.”

“ఓడా?” అందామె.

“ఇక్కడ షాలిమార్ బడిలో పంతులు పోస్టు ఖాళీగా ఉందని సంఘపెద్ద కూర్మయ్యగారు అంటున్నారు. వయసైపోయినవాణ్ణి, సిగ్గుపడేదేముంది, అడిగేస్తాను. మీరు ఉండమంటే ఉండిపోతాను. మీ అమ్మగారిని కూడా చూసుకుందాం.” కొంచెం ఆగారు. “ఇప్పుడే చెప్పక్కర్లేదు. ట్రైనింగు ముగిసేలోగా ఒక్క మాట.”

దీపాలు వెలిగేసరికి ఆయన దారికి అవతల, తన కుర్చీలో ఉన్నారు. ఎవరూ చూడలేదు. సంచి మాత్రం ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది.

ఒక్క మాటే. ఉండండి. మూడక్షరాలు. ఎంతమందికో అక్షరాలు నేర్పిన మనిషికి ఆ మూడూ కూడబలుక్కోవడం రాలేదు.

దానికి కారణం ఉంది. వాళ్ళు మొదట ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేవారు, రేవుకి దగ్గర్లో. తండ్రి ఓడ మీద కూలిపనికి ఒప్పుకున్నాడు. బయల్దేరే పూట చిన్న విజయ ఆయన చొక్కా పట్టుకుని “ఉండు నాన్నా, ఉండు” అని ఏడ్చింది. ఆయన నవ్వుతూనే ఒక్కొక్క వేలూ విడదీశాడు. ఓడ కూతపెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆయన రాలేదు, కబురూ రాలేదు. ఆ తర్వాత ఆమె ఎవర్నీ ఉండమని అడగలేదు. అన్నయ్య ఖరగ్‌పూర్ వెళ్ళిపోయినప్పుడూ అడగలేదు. ఎవరినీ స్టేషనుకి దించడానికి వెళ్ళేదీ కాదు. దాని బదులు ప్రార్థన చేసేది. టికియాపారాలో ఎవరు ఊరు వెళ్తున్నా, బదిలీ అయినా, పెళ్ళయి పోతున్నా, ప్రయాణం ప్రార్థన విజయ కుమారి టీచరే చెయ్యాలి. అది అందరికీ అలవాటైపోయింది.

శిక్షణ సాగుతోంది. రోజూ పొద్దున్న ‘ఈరోజు చెప్పేస్తాను’ అనుకుని బయల్దేరేది. ఆయన హార్మోనియం తిత్తి తుడుచుకుంటూ కనిపిస్తే “ఎండ మండిపోతోందండీ” అనేది. “అవునండీ” అనేవారాయన. అడగలేదు, తొందరపెట్టలేదు. మధ్య శనివారాలు ఒకటి బంద్‌లో పోయింది, ఇంకొకటి గాలివానలో.

రాత్రి తల్లికి విసనకర్ర విసురుతూ, “అమ్మా, పంతులుగారు ఇక్కడే ఉండిపోతే ఎలా ఉంటుంది?” అంది ఒకసారి.

రోజమ్మ కళ్ళు తెరవకుండానే, “ఉంటే మంచిదే. పాటలు బాగా పాడతాడు,” అంది. “అయినా ఎవుళుంతారే అమ్మీ? నువ్వు అడిగితే ఉంతారేటి, మీ నాన్నున్నాడా?”

ఆఖరి రోజు శనివారం. మధ్యాహ్నం ముగింపు సభ. దాలమ్మ నల్లబల్ల దగ్గర నిలబడి పాఠం చెప్పింది. ఎదుటి పిల్ల తప్పు చదివింది. దాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని, అచ్చం విజయ కుమారి గొంతుతో “మళ్ళీ ఒకసారి” అంది. అందరూ నవ్వారు. ‘కమల’ ‘కమల’గానే వచ్చింది. విజయ కుమారి కళ్ళు తుడుచుకుంది. ఈ సభ అవగానే చెప్పేస్తాను, వరండాలోకి పిలిచి చెప్పేస్తాను అని గట్టిగా అనుకుంది. నిజంగానే అనుకుంది. మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

అప్పుడు సంఘపెద్ద కూర్మయ్యగారు లేచారు.

“మన పంతులుగారికి సముద్రం అవతలి నుంచి పిలుపొచ్చింది. వెళ్ళాలా, ఉండాలా అని ఆయన ఇంకా దేవుడి చిత్తం కోసం కనిపెట్టుకుని ఉన్నారు. మనమంతా ప్రార్థనలో పెడదాం.”

“విజయ కుమారి గారు చేస్తే బాగుంటుంది,” అన్నారు దయానందంగారు. ఆయన సూటిగా ఆమెనే చూశారు. ఆయనకు తెలుసు, తనతో నేరుగా ఆ మాట చెప్పడం ఆమె వల్ల కాదని. దేవుడితోనన్నా చెబుతుందేమోనని ఆ దారి ఇచ్చారు. ఇంత సులువైన దారి ఇంకెవరు ఇస్తారు?

అందరూ తలలు వంచారు. ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు. ఆమె లేచి కళ్ళు మూసుకుంది. ‘తండ్రీ, ఆయన్ని ఇక్కడే ఉంచు.’ ఇదొక్కటే అనాలి.

“పరలోకపు తండ్రీ,” అంది. గొంతు వణికింది. వణికిన గొంతు పడిపోకుండా దేన్నయినా పట్టుకోవాలి గదా. అలవాటైన మాటలు పట్టుకుంది. “నీ దాసుని ప్రయాణాన్ని నీ చేతుల్లో పెడుతున్నాం. సముద్రాన్ని చీల్చి దారి చేసినవాడివి. ఆయన ఎక్కే ఓడకి ముందూ వెనకా నువ్వే ఉండు. వెళ్ళే చోట ఆయనకు ఆదరణ దొరకనీ, ఆరోగ్యం దొరకనీ...”

తన గొంతు తనకే వినబడుతోంది. ఆపాలనుంది. ఎవరి బండో వాగులోకి దిగిపోతుంటే గట్టు మీద నిలబడి చూసినట్టుంది. ఎంతోమందిని సాగనంపిన ప్రార్థన అది, దానికి దారి తెలుసు, మధ్యలో ఆగడం తెలియదు.

“...సుఖంగా చేర్చమని వేడుకుంటున్నాం తండ్రీ.”

“ఆమేన్!” అంది హాలంతా.

ఒక్క క్షణం వెనకగా ఆయన గొంతు వినిపించింది. “ఆమేన్.”

ఆ జనంలో ఆమేన్ పడ్డాక ఇక మాట లేదు. నల్లబల్ల మీది అక్షరమైతే చెరిపి రాయించవచ్చు, మళ్ళీ ఒకసారి అనవచ్చు. ప్రార్థనని ఎవరు మళ్ళీ చేయిస్తారు? కూర్మయ్యగారు అప్పుడే పూలదండ వేస్తున్నారు. “చూశారా, దేవుడు టీచరమ్మ నోట తేల్చేశాడు. రేపు తెల్లారే ఓడ. రాత్రికి ఏక్‌బాల్‌పూర్‌లో మా తమ్ముడింట్లో పడుకుందురుగాని, నేనే వచ్చి తీసుకెళ్తాను.”

గుంపులోంచి ఆమె ఎలాగో ఆయన దగ్గరికి వెళ్ళింది.

“పంతులుగారూ, అది... నేను అనుకున్నది...”

“మంచి ప్రార్థన చేశారు టీచరుగారూ,” అన్నారాయన. నవ్వారు. ఓడెక్కిన నాడు నాన్న కూడా అలాగే నవ్వాడు. “నాకు తేలికైపోయింది. సాయంత్రం జల్సాకి వస్తారుగా? ఆఖరిది.”

“వస్తాను.”

ఆమె ముందే వెళ్ళింది. తన కుర్చీలో కూర్చుని, అలవాటుగా పక్క కుర్చీ మీద సంచి పెట్టబోయి, తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఖాళీ కుర్చీ కనబడాలి. ఒక బెంగాలీ ఆవిడ వచ్చి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. “మనిషి వస్తున్నారు దీదీ,” అంది బెంగాలీలో. ఆ మాట అంటుంటే ఆమెకే కొత్తగా ఉంది.

ఆయన వచ్చారు. ఖాళీ కుర్చీ చూశారు. ఆమె వైపు చూశారు. చేతులు జోడించి నమస్కారం చేసి, దారికి అవతల, మగవాళ్ళ వైపు కూర్చున్నారు. సాగనంపేసిన మనిషి పక్కన ఏ ముఖంతో కూర్చుంటారు?

సరోద్ వాద్యం మొదలైంది. ఆమె వినలేదు. పైన తిరిగే పంకా వంకే చూస్తోంది. రోజూ ఈపాటికి పోయే కరెంటు. పోవాలి. ఒక్కసారి పోతే చాలు, చీకటి పడితే చాలు, ఆయన రాకపోయినా తనే లేచి వెళ్తుంది. వెలుగులో ఆ నడిచే దారి ఆమెకు ఎర్రసముద్రమంత ఉంది. ‘తండ్రీ, దీపాలు ఆర్పు,’ అని ప్రార్థించింది. ఈసారి అలవాటు మాటలు ఒక్కటీ రాలేదు. జీవితంలో మొదటిసారి తనకు కావలసింది తన మాటల్లో అడిగింది. ఆమేన్ అనేవాళ్ళెవరూ లేరు.

పంకా తిరుగుతూనే ఉంది. మధ్యలో ఒకసారి ఆయన తలతిప్పి చూశారు. ఆమె మొదటిసారి చూపు కలిపింది. తల ఊపలేకపోయింది.

చప్పట్లు అయ్యేసరికి గుమ్మంలో కూర్మయ్యగారు హార్మోనియం పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఇల్లు చేరేసరికి గదిలో బల్బు వెలుగుతోంది. రోజమ్మ మంచం మీద కాళ్ళు జాపుకుని కూర్చుంది, మొహం హాయిగా ఉంది.

“వొచ్చినావేటే అమ్మీ? సూసినావా, ఈయేల కరెంటు పోనేదు! ఒక్కపాలైనా పోనేదు. పంకా తిరుగుతానే ఉంది. దేవుడు ఎంత దయ సూసినాడో.”

విజయ కుమారి చేతిసంచి మేకుకి తగిలించింది.

“అవునమ్మా,” అంది.