లియో సమాధి మీది గులకరాళ్లు

గాలి. కొండ మీద గాలి... చెవుల్లో హోరు, కళ్లల్లో నీళ్లు.

వెల్లింగ్టన్ గాలికి పువ్వులు నిలవవు. ఆ సంగతి కుసుమకు తెలియక కాదు. అయినా పెరట్లో చామంతులు కోసుకొచ్చింది — పక్కింటి రూత్ ఆంటీ భర్త లియో సమాధి చూడ్డానికి ఉత్త చేతులతో ఎలా వస్తారు?

రూత్ ఆంటీ ఇంకా కారు దగ్గరే ఉంది. మోకాళ్ల నొప్పులు. మెల్లగా వస్తుంది.

కుసుమ చేతులు ఊరుకుంటేగా. అమ్మ పోయిన దగ్గర్నుంచీ అంతే — ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాయి.

లియో సమాధి పలక నిండా గులకరాళ్లు. ఎవరు పోశారో, ఏం మనుషులో. అన్నీ కిందికి తోసేసింది, దారిలో పరిచిన కంకరలోకి. చున్నీతో పలక తుడిచింది. చామంతులు పేర్చింది.

గాలి వచ్చింది. చామంతులు పోయాయి.

రూత్ ఆంటీ వచ్చి ఖాళీ పలక వైపు చూసింది.

"రాళ్లేవి, కుసుమా?"

అప్పుడు చెప్పింది. యూదులు సమాధి మీద పూలు పెట్టరట. రాయి పెడతారట — వచ్చాను, గుర్తున్నావు అని. లియో కోసం వచ్చిన ప్రతివాళ్లూ ఒక రాయి పెట్టి వెళ్లారు. వాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

కుసుమకు తల కొట్టేసినట్టయింది.

కంకరలో కూలబడి వెతికింది. ఏది ఎవరి రాయి? అన్నీ బూడిద రంగే... అన్నీ ఒకటే.

రూత్ ఆంటీ మూలుగుతూ పక్కన కూర్చుంది. చేతికందిన రాయి తీసుకుంది.

"లియో రోజూ టోస్ట్ మాడ్చేవాడు," అంటూ పలక మీద పెట్టింది.

ఇంకో రాయి. గిన్నెలు కడుగుతూ ఈల వేసేవాడు.

ఇంకోటి. వాన మొదలైనా ఆరేసిన బట్టలు తీసేవాడు కాదు.

కుసుమ వెతకడం ఆపి చూసింది. చదువు గురించి లేదు, ఉద్యోగం గురించి లేదు. మాడిన టోస్ట్ — అది చెబుతుంటే ఆ ముఖంలో ఎంత వెలుగో. మనిషంటే ఇంతేనా... ఇంతా?

రూత్ ఆంటీ ఒక రాయి కుసుమ చేతిలో పెట్టింది.

"మీ అమ్మ పేరేంటి?"

ఇక్కణ్ణుంచి విమానాలు మారి కుసుమ గుంటూరు చేరేసరికే చితి చల్లారిపోయింది. అస్థికలు కృష్ణలో కలిపేశారు. రాయి పెట్టడానికి చోటే లేదు. ఆ రోజు నుంచి ఆ పేరు గొంతు దాటి రాలేదు.

"మంగాదేవి," అంది.

గాలి ఎత్తుకుపోయింది. మళ్లీ అంది.

"మంగాదేవి. చారులో ఉప్పు వేసిందో లేదో... రోజూ మర్చిపోయేది. నన్ను పిలిచి, అరచేతిలో చుక్క వేసి, చూడమనేది."

రాయిని పలక మీద పెట్టబోయింది. చెయ్యి రాలేదు.

"ఉంచుకో," అంది రూత్ ఆంటీ.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర కుళాయి కింద చేతులు కడుక్కోవాలి. అదీ వాళ్ల ఆచారమే. కుసుమ ఒక్క చెయ్యే కడుక్కుంది.

గాలి... చెవుల్లో హోరు, కళ్లల్లో నీళ్లు.

మూసిన అరచేతిలో రాయి — వెచ్చగా.