బాలశౌరి కాలు మోపడం

బాలశౌరి రెడ్డిగూడెం మామిడితోటల్లో ఇరవయ్యేళ్లుగా కాయలు కోస్తున్నాడు. ఎనభై నాలుగు మే నెలలో కొమ్మ విరిగి కిందపడ్డాడు. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. బెజవాడలో ఆపరేషన్ చేసి, లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు.

రెండు నెలలకు డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఎముక అతుక్కుంటోంది. ఇక కర్రల సాయంతో కొంచెం కొంచెం కాలు మోపు" అన్నాడు.

బాలశౌరి మోపలేదు. మంచం మీద ఇటూ అటూ దొర్లేవాడు. గంటకోసారి భార్య మరియమ్మను పిలిచి, "చూడవే, వాచిందా? లోపల ఏదో కదిలింది" అనేవాడు. ఏమీ లేదంటే కసిరేవాడు. నొప్పి మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది.

మళ్లీ చూపించుకోవడానికి వెళితే డాక్టరు అతన్ని హైమవతి దగ్గరికి పంపాడు. ఆస్పత్రిలో రోగులతో మాట్లాడి భయం పోగొట్టడం ఆమె ఉద్యోగం. ఆమె బల్ల మీద ఒక్క మందు సీసా కూడా లేకపోవడం చూసి బాలశౌరికి ఒళ్లు మండింది.

"నాకేం పిచ్చి కాదమ్మా. కాలు నొప్పి."

"నొప్పి నిజమేనండీ. అది మొదలవగానే ఏమనుకుంటారో చెప్పండి."

"స్క్రూ ఊడిందనుకుంటాను."

"తర్వాత?"

"కాలు తీసేస్తారని."

"ఆ తర్వాత?"

అతను కర్రలందుకుని గుమ్మం దాకా వెళ్లాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"ఆ కొమ్మ పుచ్చిందని మా బావమరిది సలోమోను ముందే చెప్పాడమ్మా. నేనే వినలేదు. ఇప్పుడు నా పెళ్లాం కూలికెళ్లి నన్ను సాకాలి. కొమ్మ సంగతి ఆమెకెట్టా చెప్పను?"

హైమవతి ఎక్స్‌రేలో కొత్తగా పట్టిన ఎముకను చూపించింది. "నొప్పి పుట్టినంత మాత్రాన ఎముక విరిగినట్టు కాదు. రోజూ పది అడుగులు వేయండి. నొప్పి తక్కువున్నా పదే, ఎక్కువున్నా పదే. ఏమవుతుందని భయపడ్డారో, నిజంగా ఏమైందో మీ ఆవిడకు చెప్పండి."

మర్నాడు మరియమ్మ భుజం పట్టుకుని, "స్క్రూ ఊడుతుంది" అంటూ అడుగు వేశాడు. చెమటలు పట్టాయి. పదో అడుగుకి, "ఊడలేదే" అన్నాడు.

రెండో వారం నొప్పి తగ్గిందని సంబరపడి వీధి చివరిదాకా నడిచాడు. రెండు రోజులు లేవలేకపోయాడు. ఇక తనవల్ల కాదన్నాడు. హైమవతి మళ్లీ పది దగ్గర మొదలుపెట్టించింది, వారానికి ఐదు చొప్పున పెంచమంది. ఆరుసార్లు బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్లొచ్చాడు.

ఒకరోజు అడుగులు వేస్తూ మరియమ్మకు కొమ్మ సంగతి చెప్పేశాడు.

"మా తమ్ముడు ఆ రోజే చెప్పాడయ్యా" అందామె.

"మరి ఏమీ అనలేదే?"

"బతికొచ్చావు. ఏమనాలి?"

అతను ఆమె భుజం మళ్లీ పట్టుకున్నాడు. తర్వాత మిగిలిన అడుగులు వేశాడు.

మరుసటి వేసవికి కర్రలు లేకుండా తోటకు వెళ్లాడు. అప్పుడప్పుడు సలుపు వచ్చేది, పోయేది. వచ్చినప్పుడు మరియమ్మను పిలవడం మానేశాడు. చెట్టుకి నిచ్చెన వేసి ఎక్కబోతే మూడో మెట్టు మీద గుండె దడదడలాడింది. దిగేశాడు. మర్నాడు నాలుగు మెట్లెక్కాడు.