నాలుగో మోత

సార్జెంట్ బ్రెండన్ మెట్లు దిగి చర్చి కింది హాల్లోకి వచ్చేసరికి మేము పిరోహీలు మడుస్తున్నాం. ఈస్టర్ ముందు ఉపవాసకాలంలో ప్రతి శుక్రవారం మా చర్చి ఆడవాళ్లం బంగాళదుంప ముద్ద కూరి, కజ్జికాయల్లా అంచులు నొక్కి, ఉడికించి అమ్ముతాం. బ్రెండన్‌ని చెడ్డీల వయసు నుంచీ ఎరుగుదుం కాబట్టి ఎవరం లేవలేదు.

"అలారం మోగిందని నది అవతల నుంచి పరిగెత్తుకొచ్చాను. దొంగలేరమ్మా?" అన్నాడు.

మా ఆడపడుచు తెక్లా పిండి చేతులు రెండూ చాపింది. "మేమేనయ్యా. బేడీలు వెయ్యి. పిండి కడుక్కోనిస్తావా, ఇలాగే రమ్మంటావా?"

అందరం నవ్వాం. అతను నవ్వలేదు. "తలుపు తీయగానే గోడ మీద నంబరు నొక్కాలి కదా, తెక్లా ఆంటీ?"

"నేను నొక్కేశానని జూలియా పెద్దమ్మ అనుకుంది. జూలియా నొక్కిందనుకున్నాను నేను."

"అయితే విను. ఇది మూడోది. మొదటిది బాప్తిస్మం విందులో వదిలేసిన బెలూన్లు కదిలినందుకు. రెండోది గడియ పెట్టని తలుపు. ఊరి కౌన్సిల్ కొత్త నిబంధన పెట్టింది, నీకూ తెలుసు. ఏడాదిలో ఉత్తుత్తి మోతలు మూడింటి వరకూ క్షమిస్తారు. నాలుగోది మోగిందంటే ఆ ప్రాంగణంలో అలారం ఎంత మొత్తుకున్నా ఏడాది తిరిగేదాకా కారు పంపరు. ఎవరైనా కళ్లతో చూసి ఫోన్ చేస్తేనే వస్తాం."

"అదేం నిబంధన? మేము చర్చి వాళ్లం!"

"నా దగ్గరున్నవి రెండు కార్లు. నెలంతా మీ బెలూన్ల వెంటా, బ్యాంకు వాళ్ల సాలెపురుగుల వెంటా తిరుగుతున్నాం. మొన్న మిల్లు వీధిలో ఒకాయన గుండె పట్టుకుని పడిపోయాడు. అప్పుడు నేనెక్కడున్నానో తెలుసా? మూసేసిన చెప్పుల కొట్టు ముందు, గాలికి ఊగుతున్న అట్టబొమ్మని చూస్తూ."

అతను వెళ్లిపోయాడు. అందరి చూపూ పక్కనున్న సిస్టర్ల ఇంటి వైపు కిటికీ మీదే ఉంది.

అందులో ఉండే మఠం సిస్టర్లు వెళ్లిపోయి ఏళ్లయింది. ఆ ఇల్లూ, చర్చీ, హాలూ కలిపి ఒకటే అలారం, ఒకటే అనుమతి, మోతల లెక్కా ఒకటే. చలికాలం నుంచీ ఆ ఇంట్లో రోండా ఉంటోంది, కూతురు మాడీతో. రోండా మా చర్చి మనిషి కాదు. కొట్టే మొగుణ్ణి వదిలి వచ్చిన మనిషి. కోర్టు అతన్ని దగ్గరికి రావద్దంది. కోర్టు మాట అతను ఇంతకు ముందు రెండుసార్లు విన్నాడు, రెండుసార్లూ నవ్వాడు. ఫోన్ ఉంటే దాని జాడతోనే వచ్చి పట్టుకుంటాడని రోండా తన ఫోన్‌ని నదిలో పారేసింది. ఇక ఆ ఇంటికున్న దిక్కల్లా తలుపుల మీది అలారమే. నాలుగో ఉత్తుత్తి మోత మోగితే అదీ పోతుంది.

"ఇక నుంచి తాళాలు నా దగ్గరే ఉంటాయి," అంది తెక్లా.

తాళాలే కాదు, ఆనాటి నుంచి అలారం కంపెనీ వాళ్లు మొదట ఫోన్ చేసేది కూడా తెక్లాకే. పోలీసులకు చెప్పేముందు వాళ్లు ఆమెను అడుగుతారు. రహస్యపు మాట చెప్పి 'రద్దు చెయ్యండి' అంటే అక్కడితో ఆగిపోతుంది, లెక్కలోకి రాదు. మా రహస్యపు మాట 'హోలుబ్కి', అంటే క్యాబేజీ ఆకు చుట్ట. ఫాదర్ మిరోన్‌కి అదంటే ప్రాణం.

గొడవల్లా రోండా సిగరెట్లతో. కూతురు చూడకుండా వెనక తలుపు తీసి మెట్ల మీద నిలబడి కాలుస్తుంది. నంబరు నొక్కడం మరిచిపోతుంది. లోపలికి పరిగెత్తి నొక్కేలోగా ఇల్లంతా అరుపు. తెక్లా ఫోన్ తీసి, "హోలుబ్కి, రద్దు చెయ్యండి, సిగరెట్," అంటుంది. ఒకసారి స్నానం మధ్యలో, ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరిచి కూడా అంది.

"నువ్వు మానేస్తావా, నన్ను చంపుతావా?" అని అడిగింది రోండాని.

"మానేస్తాను ఆంటీ. పండక్కి మానేస్తాను."

"ఏ పండక్కే?"

రోండా నవ్వింది. ఆ మనిషి నవ్వడం మేము చూసింది అప్పుడే.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఆరాధనలో ప్రభువు రూపం కుట్టిన వస్త్రాన్ని చర్చిలో అమర్చిన సమాధిలో ఉంచుతాం. సమాధి చుట్టూ పూలు పేర్చడం ఆడవాళ్ల పని. నేనూ తెక్లా పీఠం దగ్గర ఉన్నాం. వాసిల్ కొవ్వొత్తులు సరిచేస్తున్నాడు. చర్చి పనులన్నీ అతనివే, విసుగు కూడా అతనిదే. సిస్టర్ల ఇంట్లో నిద్రపోతున్న మాడీ దగ్గర జూలియా పెద్దమ్మ కూర్చుంది. ఆమెకు చెవులు అంతంతమాత్రం.

తెక్లా కోటు జేబులో ఫోన్ మోగింది. బయట సన్నగా అలారం అరుపు కూడా వినబడుతోంది. తెరిచిన తలుపు లోంచి కనబడుతున్న ఎదురింటి వరండాలో జార్జ్ పేపరు చదువుతున్నాడు, తలెత్తలేదు. ఆ అరుపు మా వీధికి కుక్క మొరుగు లాంటిదైపోయింది.

"సిస్టర్ల ఇల్లు, వెనక తలుపా?" అంది తెక్లా ఫోన్లో, లిల్లీ కుండీ ఒకటి తిప్పుతూ. "హోలుబ్కి. రద్దు చెయ్యండి బాబూ. సిగరెట్. గుడ్ ఫ్రైడే నాడు కూడా ఆగలేదు చూడండి."

ఫోన్ జేబులో వేసుకుంది.

అప్పుడే పక్క తలుపు లోంచి రోండా వచ్చింది. రెండు చేతుల్లో రెండు పూలకుండీలు.

"ఇవి ఎక్కడ పెట్టమంటారు?" అంది.

తెక్లా ముఖం నేను జన్మలో మరచిపోలేను. "నువ్వు ఇక్కడున్నావేంటి?"

"ఫాదర్ గారి బండి లోంచి పూలు దింపుతున్నాను. ఏం?"

అలారం ఇంకా అరుస్తూనే ఉంది. రోండా అయితే ఈపాటికి ఆపేసి ఉండేది. ఆమె కూడా విన్నది. కుండీలు రెండూ నేల మీద పడి పగిలాయి. ఆమె అప్పటికే తలుపు దాటేసింది.

తెక్లా కంపెనీకి ఫోన్ చేసింది. "రద్దు కాదు, రద్దు కాదు, పంపండి!" వాళ్లు మర్యాదగానే చెప్పారు. రద్దయినదాన్ని వెనక్కి తిప్పలేమమ్మా, కొత్తగా పోలీసులకు మీరే చెబితే త్వరగా అవుతుంది, అని. ఆమె పోలీసులకు చేసింది. అవతల పోలీసు ఫోన్లు తీసే అమ్మాయి గొంతు నాక్కూడా వినబడుతోంది.

"మనిషిని మీ కళ్లతో చూశారా అమ్మా?"

"చూడలేదు! లోపల పసిపిల్ల ఉంది. ఒక ముసలామె ఉంది. వాడు వచ్చాడు, నాకు తెలుసు!"

"పంపిస్తున్నానమ్మా. కానీ రెండు కార్లూ వంతెన మీద ప్రమాదం దగ్గరున్నాయి. ఒకదాన్ని ఇప్పుడే కదిలిస్తాను. మీరు లోపలికి వెళ్లకండి. లైన్లోనే ఉండండి."

"నువ్వు ఉండవే," అని ఫోన్ నా చేతిలో పెట్టింది తెక్లా. చుట్టూ చూసింది. వాకిట్లోకి వెళ్లి పైకి చూసింది, గంట తాడు వైపు.

గురువారం నుంచి పండగ దాకా మా గంట మోగదు. మోగకూడదు. వాసిల్ తాడును చుట్ట చుట్టి నల్ల గుడ్డతో కట్టేస్తాడు. జనాన్ని పిలవాలంటే చెక్క పలకను సుత్తితో కొడతాడు, టక్ టక్ మని. నా ఎనభై ఏళ్ల పొరుగామె కూడా తన జీవితంలో గుడ్ ఫ్రైడే నాడు గంట విన్నది లేదు.

తెక్లా కుర్చీ లాక్కుని ఎక్కి ఆ గుడ్డ పీకింది.

"ఏయ్!" అని వాసిల్ సమాధి దగ్గర నుంచి కేక వేశాడు. "మతి పోయిందా నీకు? ఇవాళ ఏం రోజు?"

"తెలుసు! అందుకే!"

"దిగు ముందు!"

"నువ్వు రా, వచ్చి పట్టుకో! నా ఒక్కదాని బరువు చాలదు!"

వాసిల్ వచ్చాడు. ఆపడానికే వచ్చాడు. ఆమె ముఖం చూసి, ఏమనుకున్నాడో, నోట్లో తిట్టుకుంటూ ఆమెతో పాటు తాడు పట్టుకుని వేలాడాడు.

గంట మోగింది. మా కాళ్ల కింద నేల అదిరింది. నేను ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని గుమ్మంలోకి వెళ్లాను. జార్జ్ పేపరు జారిపోయింది. లేచి నిలబడ్డాడు. పక్కిల్లు, దాని పక్కిల్లు, తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి. జుట్టు ఉంగరాలు తిరగడానికి చుట్టలు చుట్టుకున్న ఆడవాళ్లు, సగం గడ్డం గీసుకున్న మగవాళ్లు, మూల బార్‌లోంచి మిల్లు పనివాళ్లు. "ఎవరు పోయారు?" "నిప్పంటుకుందా?" "ఏ గాడిద మోగిస్తోంది?" కోపంతో కొందరు, భయంతో కొందరు, వీధంతా నిండిపోయారు.

సిస్టర్ల ఇంటి పక్క సందులోంచి పికప్ బండి ముక్కు బయటికి వచ్చింది. డ్రైవరు సీట్లో రోండా మొగుడు డేల్. పక్కన దుప్పటి చుట్టిన పిల్ల. తలుపు పిడి వదలని రోండాని బండి ఈడ్చుకుపోతోంది, ఒక కాలికి చెప్పు లేదు.

బండి వీధిలోకి వచ్చి ఆగింది. వెళ్లడానికి దారి లేదు. డేల్ హారన్ నొక్కాడు. ఎవరూ జరగలేదు. కావాలని కాదు, వాళ్లకి ఇంకా ఏమీ తెలియదు, గంట సంగతి తేల్చుకోవడానికి వచ్చారు. అతను ఇంజన్ రేపి బండిని అడుగడుగుగా జనం మీదికి నెట్టాడు. ముందున్నవాళ్లు వెనక్కి తగ్గారు. సందు దొరకబోతోంది.

గంట ఆగింది. తెక్లా మెట్లు దిగి, కుంటుకుంటూ వచ్చి, బండి ముందు నిలబడి రెండు చేతులూ దాని మీద పెట్టింది.

"జరుగు ముసల్దానా!"

"మోకాళ్లు పనిచెయ్యవు నాయనా. జరగలేను."

"ఎక్కించేస్తా!"

"ఇంతమంది చూస్తుండగానా? ఎక్కించు."

బండి ముందుకు కదిలింది. ఆమె ఒక అడుగు వెనక్కి జారింది, చేతులు తియ్యలేదు. నేను ఫోన్లో ఏం అరిచానో నాకే తెలియదు. "చూశాను, చూశాను, నా కళ్లతో చూస్తున్నాను," అన్నట్టు గుర్తు. మళ్లీ కదిలింది. తెక్లా వీపు జార్జ్ పొట్టకి తగిలింది. అప్పుడు జార్జ్‌కి అర్థమైంది. అతను ఆమె పక్కన తన రెండు చేతులూ పెట్టాడు. బార్ నుంచి వచ్చినవాళ్లు పెట్టారు. సగం గడ్డంతో ఉన్నాయన పెట్టాడు. ఇంజన్ ఒకటే గీపెట్టింది.

పిల్ల "అమ్మా" అంది.

అటు పక్క వాసిల్ తలుపు తెరిచాడు. మాడీ అతని చేతుల్లో పడింది. డేల్ ఇటు దూకి రైలు పట్టాల వైపు పరుగు తీశాడు. పట్టాల అవతల బ్రెండన్ కారు అప్పుడే వచ్చి ఆగింది.

జూలియా పెద్దమ్మ వంట సామాన్ల గదిలో దొరికింది. డేల్ బయట గడియ పెట్టాడట. "అలారం నాకు వినబడలేదు గానీ గంట వినబడింది," అంది పెద్దమ్మ. "ఈ వాసిల్‌కి మతి పోయిందనుకున్నాను."

బ్రెండన్ తెక్లాని మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆమె మాడీని ఒళ్లో పెట్టుకుని ఊగుతోంది.

"ఇది ఉత్తుత్తిది కాదు ఆంటీ. లెక్కలోకి రాదు. మీకింకా అవకాశం ఉంది."

"నేను రద్దు చెయ్యమన్నాను బ్రెండన్."

అతను టోపీ తీసి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

సాయంత్రం జిల్లా ఆఫీసు నుంచి ఒకామె కారు తెచ్చింది. డేల్‌ని జైల్లో ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పలేమనీ, ఇల్లు తెలిసిపోయింది కాబట్టి తల్లీ బిడ్డా ఇక్కడ ఉండకూడదనీ చెప్పింది. ఏ ఊరికో మాకు చెప్పలేదు.

"నేను వెళ్లను," అంది రోండా. "అక్కడ ఎవరున్నారు? ఇక్కడ ఊరంతా వచ్చింది."

"ఇవాళ వచ్చారు," అంది తెక్లా. "రేపు మళ్లీ గంట కొడితే సగం మంది వస్తారు. ఎల్లుండి జార్జ్ పేపరు లోంచి తలెత్తడు. వెళ్లవే."

రోండా చాలాసేపు ఏడ్చింది. తరవాత వెళ్లి సంచి సర్దుకుంది. మేము పండగ రొట్టె ఒకటి, గుడ్లు, వెన్న ఒక బుట్టలో పెట్టాం. బుట్టలకు ఆశీర్వాదం శనివారం గానీ జరగదు. ఫాదర్ మిరోన్ ఆరాధన దుస్తుల్లోనే బయటికి వచ్చి, ఇంజన్ తిరుగుతుండగా, కారు వెనక నిలబడి నీళ్లు చల్లి ప్రార్థన చదివేశారు. ఆ రోజు ఆయన కూడా ఎవరి అనుమతీ అడగలేదు.

జిల్లా ఆఫీసు ఆమె రోండాకి కొత్త ఫోన్ ఇచ్చింది.

"నీ నంబరు చెప్పు ఆంటీ."

తెక్లా ఒక్కో అంకే చెప్పింది. రోండా నొక్కి చూసింది. తెక్లా కోటు జేబులో ఫోన్ మోగింది. రోండా ఎదురుగానే ఉంది, చేతికందేంత దూరంలో. అయినా తెక్లా ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఆమె కళ్లలోకి చూస్తూ, "ఎవరు మాట్లాడేది?" అని అడిగింది.

"నేనే ఆంటీ. రోండాని."

"అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"పిల్ల ఎక్కడ?"

"నా పక్కనే ఉంది."

"ఇవ్వు, దానితో మాట్లాడతాను," అంది తెక్లా.