కొలతల పుస్తకంలో మోటారు

గోడకు సున్నం వేయించిన రోజునే తన బుర్రలో సగం కొట్టుకుపోయిందని వైండింగ్ మేస్త్రీకి అప్పుడు తెలియలేదు.

ఇరవై ఏళ్ళుగా అతని లెక్కలన్నీ ఆ గోడ మీదే. కాయిళ్ళు చుట్టే యంత్రానికి కుడిపక్క, కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో, సుద్దముక్కతో రాసుకునేవాడు. ఎవరి మోటారు, ఎంత తీగ పట్టింది, ఎంత ఇచ్చారు, ఎవరి చేత పంపారు. డబ్బు పూర్తిగా ముట్టిందంటే మోచేత్తో తుడిచేసేవాడు. అతని చొక్కాలన్నిటికీ కుడి మోచెయ్యి తెల్లగా ఉండేది. "లెక్కలు గోడ మీద, మరకలు నా నెత్తి మీద" అని అతని భార్య ఉతికినన్నాళ్ళూ గొణిగింది.

మూడు నెలల కింద ఆమె తమ్ముడు వచ్చి షాపులో పాత కంప్యూటరు ఒకటి పెట్టాడు. అందులో అకౌంట్ల సాఫ్ట్‌వేరు.

"బ్యాంకు ఏం రాసుకుందో ఎడమపక్క దానంతటదే వచ్చేస్తుంది బావా. మన బిల్లులు కుడిపక్క. దానికి ఇదీ, దీనికి అదీ జత కలపడమే నీ పని. కలిస్తే పచ్చ టిక్కు పడుతుంది. చివర తేడా సున్నా రావాలి. సున్నా వచ్చిందా, కాళ్ళు చాపుకుని పడుకో."

ఆ వారమే ఆమె గోడకు సున్నం కొట్టించింది.

అప్పట్నుంచి మేస్త్రీ పొద్దున్నే రాగి తీగ ముట్టుకోకముందు, చూపుడువేలు ఒక్కటే ముందుకు పెట్టి, జతలు కలుపుతూ కూర్చునేవాడు. మొదటి వారంలోనే ఎడమపక్క ఎదురు కొట్టు దర్జీ పేరు కనిపించింది. కుట్టుమిషను మోటారు తాలూకు ఆరువందలు రెండేళ్ళుగా బాకీ ఉన్న మనిషి. ఇన్నాళ్ళకు బుద్ధి పుట్టిందే అని సంతోషించి జత కలిపాడు. 'ఈ పేరుతో వచ్చే డబ్బు ఎప్పుడూ ఈ ఖాతాకే వేయమంటారా?' అని కంప్యూటరు అడిగింది. ఎవరి డబ్బు వాళ్ళ ఖాతాకు కాక పక్కవాడి ఖాతాకు వేస్తారా అనుకుని, ఔనని నొక్కాడు.

ఈ గురువారం పొద్దున రెండుముక్కల మామ బండి కట్టుకుని వచ్చాడు. ఊరి చివర టమాటా తోట ఆయనది. ఒకేసారి రెండు మాటలకు మించి ఆయన నోట విన్నవాళ్ళు లేరు గనక ఆ పేరు.

"మోటారు అయిందా?"

"అయింది మామా. కొత్త బేరింగులు కూడా వేశాను," అంటూ మేస్త్రీ అలవాటుగా కంప్యూటరు వంక చూశాడు. మామ పేరు ఎర్రగా ఉంది. నాలుగు వేల రెండొందలు, రాలేదు. "డబ్బే… ఇంకా పడలేదే మామా."

"సోమవారం పంపాను."

"ఎవరికి?"

"నీకే పంపాను."

"ఇందులో లేదు మామా. ఇదిగో చూడు, ఎర్రగా ఉంది."

పక్కింటివాడి చేలో పడ్డ వానను చూసినట్టు చూశాడు మామ ఆ తెరను. వెనకాల బేరింగుల డబ్బాలు లెక్కపెడుతున్న మేస్త్రీ భార్య తల ఎత్తకుండానే అంది: "ఇదీ అరువేనా? రాగి కొట్టాయన నిన్న ఇంటి గుమ్మం దాకా వచ్చాడు. పచ్చ టిక్కు పడేదాకా సరుకు కదలకూడదని మా తమ్ముడు చెప్పలా?"

మేస్త్రీ ఇద్దరి మధ్యా ఇరుక్కున్నాడు. మామ తోటలో నారు నాటి పదిహేను రోజులయింది. మోటారు కాలిపోయి నాలుగు రోజులు. నిన్న అటువైపు వెళ్ళినప్పుడు మొక్కలు మెడలు వాల్చి ఉండడం తన కళ్ళతో చూశాడు.

"సాయంత్రం దాకా చూద్దాం మామా. బ్యాంకులో ఏదో ఆలస్యం అయ్యుంటుంది."

"సరే, ఉంచుకో."

బండి ఖాళీగా తిరిగిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ రెండు మాటలూ ముల్లు విరిగినట్టు లోపలే ఉండిపోయాయి.

మేస్త్రీ తెర ముందు కూర్చున్నాడు. సోమవారం తీశాడు, మంగళవారం తీశాడు. ఎడమపక్క జత కలవని వరస ఒక్కటీ మిగల్లేదు. అన్నిటికీ పచ్చ టిక్కులే. అడుగున తేడా సున్నా. బ్యాంకుకు వచ్చిన డబ్బంతా ఎవరో ఒకరి లెక్కలో పడింది, మామ లెక్కలో మాత్రం పడలేదు. అంటే మామ అబద్ధమాడాడు. కానీ అబద్ధానికి కనీసం నాలుగు మాటలైనా కావాలి కదా, రెండు మాటల మనిషికి అంత జాగా ఎక్కడిది?

బావమరిదికి ఫోను చేశాడు.

"తేడా ఎంతుంది బావా?"

"సున్నా."

"అయితే గొడవే లేదు."

"గొడవ ఉంది కాబట్టే కదరా చేసింది!"

"సున్నా ఉంటే గొడవ ఉండదు బావా."

"మరి మామ?"

"ఆయన్నే అడుగు. డబ్బు ఎక్కడ పెట్టి మర్చిపోయాడో."

మేస్త్రీ ఫోను పెట్టేశాడు. అసలు తనే ఏదైనా మర్చిపోయాడా? సోమవారం ఏం చేశాడు? వార్నిష్ పట్టించాడు. ఎవరైనా వచ్చారా? కుడిచెయ్యి దానంతటదే గోడ వైపు వెళ్ళింది. గోడ తెల్లగా ఉంది.

చివరికి తనకు తెలిసిన పని మొదలుపెట్టాడు. కొన్ని మోటార్లు ఉంటాయి, బయట మీటరు పెట్టి చూస్తే అంతా సరిగ్గానే చూపిస్తాయి. తిప్పితే మూలుగుతాయి. లోపల ఒక కాయిలు చివర ఇంకో కాయిలుకు అతికి ఉంటుంది. విప్పి ఒక్కొక్కటే పట్టి చూడాల్సిందే. అలాగే ఖాతాలు ఒక్కొక్కటే తెరిచాడు. మర ఆడించేవాడిది, ఇటుకల బట్టీ వాళ్ళది, కోళ్ళఫారం వాళ్ళది. దర్జీ ఖాతా దగ్గర ఆగిపోయాడు.

'మీరు ఇవ్వవలసినది: 31,600.'

కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. మూడు నెలల్లో పదకొండు సార్లు డబ్బు పంపాడట దర్జీ. దేనికి? వాడికున్నది ఒక్క కుట్టుమిషను!

రోడ్డు దాటి ఎదురు కొట్లోకి వెళ్ళాడు. దర్జీ గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని ఒక చొక్కాకు చెయ్యి అమరుస్తున్నాడు.

"ఏం బావా, మొహం తిరగేసి కుట్టిన చొక్కాలా ఉంది?"

"నేను నీకు ముప్పై ఒక్క వేల ఆరొందలు బాకీ అట."

దర్జీ ఒక్కొక్క సూదీ తీసి జాగ్రత్తగా దిండుకు గుచ్చాడు. "ఎవరన్నారు?"

"కంప్యూటరు."

"నిండు నూరేళ్ళూ బతకాలి. ఎప్పుడిస్తావు?"

"వేళాకోళం కాదు బావా. నీ పాత ఆరువందలూ తీరిపోయాయంటోంది, పైపెచ్చు."

"తీరిపోయాయా! అయితే దాన్ని మాత్రం కదిలించకు." నవ్వి, మేస్త్రీ మొహం చూసి ఆపేశాడు. "పదకొండు సార్లు పంపిన మాట నిజమే. కానీ నావా అవి? ఫోన్లో డబ్బు పంపడం సగం మందికి రాదు. నోట్లు తెచ్చి నాకిస్తారు, నేను నా ఫోను నుంచి నీకు కొడతాను. నాకూ దారాలకీ గుండీలకీ నోట్లు కావాలి కదా. పంపిన ప్రతిసారీ ఇక్కణ్ణుంచే కేక వేశాను, ఫలానావాళ్ళది పంపాను చూసుకో బావా అని. నువ్వు 'ఆఁ' అన్నావు."

మేస్త్రీకి గుర్తుంది. 'ఆఁ' అనేవాడు. ఇంతకుముందు 'ఆఁ' అనగానే చెయ్యి సుద్దముక్క మీదికి వెళ్ళేది.

"మరి సోమవారం?"

దర్జీ కొలతల పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. పొడవు ఇరవై తొమ్మిది, నడుము ముప్పై ఆరు, భుజం పదిహేడున్నర. దాని కింద, పెన్సిలుతో: మామ, మోటారు, 4200.

"ఆ మాట ఆయన చెప్పొచ్చుగా, దర్జీ చేత డబ్బు పంపానని!" అన్నాడు మేస్త్రీ.

"అది నాలుగు మాటలవుతుంది బావా," అన్నాడు దర్జీ.

మేస్త్రీ మోటారును మూడు చక్రాల బండి మీదికి ఎక్కిస్తుంటే భార్య అడ్డం వచ్చింది. "టిక్కు పడిందా?"

"డబ్బు సోమవారమే వచ్చింది."

"వస్తే ఎర్రగా ఎందుకుంది?"

"నేనే చేశాను."

"ఏం చేశారు?"

"సరిగ్గా తెలీదు. ఏదో అడిగితే ఔనన్నాను."

ఆమె మోటారు రెండో వైపు పట్టి బండి మీదికి ఎత్తింది.

తోటలో మామ పక్క చేను కాలవ నుంచి రెండు చేతులా బకెట్లు మోస్తున్నాడు. ఒక్కో మొక్కకు దోసెడు. మేస్త్రీని చూసి బకెట్లు దించాడు.

"మామా, నీ డబ్బు వచ్చింది. దర్జీ పేరున పడింది. నేను చూసుకోక, ఆ కంప్యూటరు అడిగితే…"

"పట్టు, పట్టు."

ఇద్దరూ మోటారు దించి, బిగించి, పైపు తగిలించారు. మేస్త్రీ వైర్లు కలిపి స్టార్టరు నొక్కాడు. మూలుగు లేదు. ముందు బురద, తర్వాత నురగ, తర్వాత తేట నీళ్ళు వచ్చాయి. నీళ్ళు సాళ్ళ వెంట పోతుంటే మేస్త్రీ పక్కనే నడిచాడు. చివరి రెండు సాళ్ళ దగ్గర నీళ్ళు చేరినా మొక్కలు లేవలేదు. కాడలు తాళ్ళలా నేలకు అంటుకుపోయి ఉన్నాయి.

"ఇవి?"

"పోయాయి అవి."

"నారు ఖర్చు నాది మామా."

మామ వంగి ఒక ఎండిన మొక్కను పీకి, వేళ్ళు దులిపి, గట్టు మీద పెట్టాడు. "నారు ఉంది." ఇంకో మొక్క పీకి, నీళ్ళ వంక చూస్తూ అన్నాడు: "గోడ బాగుండేది."

పొద్దు వాలేసరికి మేస్త్రీ దంపతులు కొలతల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నారు. అతను ఆ 'ఎప్పుడూ' అన్నదాన్ని తీసేశాడు. వెంటనే పదకొండు పచ్చ టిక్కులూ ఎగిరిపోయాయి. సున్నా ఉన్నచోట ముప్పై రెండు వేల చిల్లర తేడా వచ్చింది.

"అయ్యో, అంతా పాడయింది!" అంది ఆమె.

"పొద్దున తప్పుంటే సున్నా చూపించింది. ఇప్పుడు సరిచేస్తే తేడా చూపిస్తోంది. ఏమో, నాకర్థం కాలేదు. నువ్వు చదువు."

ఆమె చదివింది, అతను ఒక్క వేలితో కలిపాడు. మామ పేరు పచ్చబడింది. కోళ్ళఫారం, మర, ఇటుకల బట్టీ. పదీ అయ్యాయి. పదకొండోది 'పొడుగాయన, 3100.'

"పొడుగాయన ఎవరన్నయ్యా?" అని ఆమె గుమ్మంలోంచి కేక వేసింది.

"పేరు తెలీదమ్మా!" ఎదురు కొట్లోంచి జవాబు వచ్చింది. "చొక్కా పొడవు ముప్పై రెండు!"

ఎర్రగా ఉన్న పేర్లలో అంత పొడుగు ఎవరో మేస్త్రీ ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ మొత్తం బాకీ ఉన్నవాళ్ళు ముగ్గురు, ముగ్గురినీ వాళ్ళు కూర్చుని ఉండగానే చూశాడు. లేచి దర్జీ దగ్గరికి వెళ్ళి, గుడ్డ మీద గీసే సుద్ద ముక్క అడిగి తెచ్చుకున్నాడు. తెల్లగోడ మీద తెల్లసుద్ద కనిపించదు గనక నీలిది తెచ్చాడు.

యంత్రానికి కుడిపక్క, చెయ్యి చాస్తే అందేచోట రాశాడు: 'పొడవు 32. ఇచ్చాడు. అడగొద్దు.'

భార్య గోడనూ, అతని చొక్కానూ చూసింది.

"మోచెయ్యి జాగ్రత్త," అంది.